వదిన రాసిన పదకొండు పేర్లు

మా వదిన డాక్టర్ల మాటలు టైపు చేస్తుంది. రోగిని చూశాక డాక్టరు తన ఫోనులో గబగబా నాలుగు ముక్కలు మాట్లాడి, రికార్డు చేసి పంపిస్తాడు. వదిన ఇంట్లో కూర్చుని, హెడ్‌ఫోను తగిలించుకుని, అది విని, రిపోర్టుగా తయారుచేసి తిరిగి పంపిస్తుంది. పన్నెండేళ్ళుగా ఇదే పని. ఎముకల డాక్టరు ఒకాయన, చర్మం డాక్టరు ఒకావిడ, ఎక్కువగా ఈ ఇద్దరి పనే వచ్చేది. ఎముకల డాక్టరుకు ఏదో ఒకటి నములుతూ మాట్లాడే అలవాటు. ఏది మాటో ఏది నమలడమో వదినకు తెలిసినంతగా ఆయన భార్యకు కూడా తెలియదని మా అన్నయ్య వేళాకోళం చేసేవాడు.

మాది రెండో అంతస్తులో మూడు గదుల ఇల్లు. అన్నయ్య లిఫ్టులు బాగుచేస్తాడు. నేను కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తాను. ఫ్రేముకు సరిపోయేలా అద్దాలు అరగదీసి బిగించడం నా పని. అమ్మ ఇంటిని, ఇంటితోపాటు మెట్లమీద వచ్చేపోయేవాళ్ళని కూడా కనిపెట్టుకుని ఉంటుంది. కంప్యూటరు హాల్లో కిటికీ పక్కన ఉండేది. ఆ బల్లకు ఒక కాలు పొట్టి. దాని కింద వదిన మడతపెట్టిన అట్టముక్క దోపింది. ఎవరైనా తుడుస్తూ దాన్ని కదిపితే, టైపు చేయడం మొదలుపెట్టగానే కనిపెట్టేసేది.

అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. వదిన దానికి సరిగ్గా తిరగేసిన మనిషి. మేడమీద ఉండే దర్జీ ఆవిడ మోకాలికి ఆపరేషన్ చేయించుకున్నప్పుడు ఆ రిపోర్టు వదిన చేతిమీదుగానే వెళ్ళింది. ఆవిడ చేతికర్రతో మెట్లు ఎక్కుతూ కనిపించిన రోజుగానీ అమ్మకు విషయం తెలియలేదు. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే కంచుగిన్నెలో కూర వడ్డించుకుంటూ, ఇంత సంగతి తన దగ్గర దాస్తుందా అని అమ్మ రెండు రోజులు ముఖం ముడుచుకుంది. వదిన ఒక్కటే మాట అంది.

"మోకాలు ఆవిడది అత్తయ్యా. చెప్పాల్సింది కూడా ఆవిడే."

ఇంత గుట్టుగల మనిషి కూర్చునే కంప్యూటరును మేం మాత్రం సత్రంలా వాడుకునేవాళ్ళం. అందరికీ ఒకటే పాస్‌వర్డు. అమ్మ సీరియళ్ళు చూసేది. అన్నయ్య లిఫ్టుల కంపెనీ కాగితాలు ప్రింటు తీసుకునేవాడు. వేరువేరుగా పెట్టుకుందామని వదిన రెండుసార్లు అంది. రెండుసార్లూ అమ్మ, నా ఇంట్లో నాకు తెరుచుకోని తలుపు ఉంటుందా అని నొచ్చుకుంది. వదిన ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తకపోవడం తన తప్పని తర్వాత తనే అంది. కానీ అసలు తప్పు చేసినవాణ్ణి నేను.

నాకు వారంలో ఒకరోజు సెలవు. అలాంటి ఒక సెలవురోజు మధ్యాహ్నం వదిన ఏదో పనిమీద బయటికి వెళ్ళింది. మా దుకాణంలో అద్దాల ధరల పట్టిక ఎప్పుడో చేత్తో రాసింది, చెమట చేతులు తగిలి తగిలి సగం అక్షరాలు చెరిగిపోయాయి. దాన్ని కంప్యూటరులో అందంగా తయారుచేసి యజమాని దగ్గర శభాష్ అనిపించుకోవాలని నాకు బుద్ధి పుట్టింది. అలాంటివి తయారుచేసే సాఫ్ట్‌వేరు కొనాలంటే చాలా ఖరీదు. వెతికితే ఒక సైటులో ఊరికే ఇస్తామన్నారు. దించుకున్నాను. నడిపించబోతే, ముందు మీ యాంటీవైరస్ ఆపేయండి, అది అనవసరంగా అడ్డుపడుతుంది అని వచ్చింది. అడ్డుపడేదాన్ని ఆపడమే కదా అని ఆపేశాను. తెరమీద నల్లటి కిటికీ ఒకటి తెరుచుకుని రెప్పపాటులో మూసుకుపోయింది. సాఫ్ట్‌వేరు మాత్రం రాలేదు. రెండుసార్లు నొక్కి చూసి, విసుగొచ్చి, దాన్ని చెరిపేసి, టీ తాగడానికి వెళ్ళిపోయాను. ఆపిన యాంటీవైరస్ మళ్ళీ పెట్టాలన్న ధ్యాస కూడా లేదు.

మూడో రోజు పొద్దున ఎముకల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో ఉండే అమ్మాయి ఫోను చేసింది. వదిన పేరుతో ఆ ఉదయం మెయిల్ వచ్చిందట, ఏదో బిల్లు జతచేసి, వెంటనే తెరిచి చూడమని. వదిన ఎప్పుడు రాసినా ముందు నమస్కారం అంటుంది, రోగి నంబరు రాస్తుంది. ఇందులో రెండూ లేవు. అందుకని ఆ అమ్మాయి తెరవకుండా అడిగింది.

నేను దుకాణానికి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటున్నాను. వదిన ఆ అమ్మాయికి దాన్ని ముట్టుకోవద్దని చెప్పి, ఫోను పెట్టేసి, వంగి కంప్యూటరు వెనక ఉన్న ఇంటర్నెట్ తీగ పీకేసింది. వైఫై డబ్బా కూడా ఆపేసింది. తన ఫోనులో సొంత డేటాతో మెయిల్ తెరిచి, పాస్‌వర్డు మార్చి, ఎక్కడెక్కడ ఆ మెయిల్ తెరిచి ఉందో అక్కడల్లా మూసేయమని నొక్కింది. ఆ జాబితాలో మేం ఎప్పుడూ పేరు వినని ఊరు ఒకటి ఉంది. ఆ తర్వాత పాస్‌వర్డు ఒక్కటే సరిపోకుండా, ఎవరు తెరవబోయినా తన ఫోనుకు అంకెలు వచ్చేలా పెట్టింది. ఇదంతా నిలబడే చేసింది. నేను తేలు కుట్టిన దొంగలా చెప్పులతోనే గుమ్మంలో నిలబడిపోయాను. ఆలస్యమవుతోందని మెల్లగా జారుకున్నాను.

సాయంత్రం వచ్చేసరికి అన్నయ్య కూడా ఇంట్లో ఉన్నాడు. వదిన అందరినీ కూర్చోబెట్టింది. వారం రోజుల్లో ఎవరెవరు కంప్యూటరులో ఏం చేశారో చెప్పమంది. "ఎవర్నీ ఏమీ అనను. తలుపు ఎక్కడ తెరుచుకుందో తెలియకపోతే మూయలేను, అంతే," అంది.

ముందు అమ్మ తలవంచుకుంది. సీరియల్ మధ్యలో, మీకు ఫ్రిజ్ వచ్చింది అని మెరుస్తూ వస్తే నొక్కిందట. అడ్రసు కూడా రాసిందట. ఫ్రిజ్ వచ్చాక చెబుదామని దాచింది. అన్నయ్య పాస్‌వర్డు మర్చిపోతానని క్యాలెండరు వెనక రాసిపెట్టుకున్నాడు, దాన్ని ఫోటో తీసి పనిలో తోటివాడికి కూడా పంపాడు. వదిన రెండూ ఒక నోటుపుస్తకంలో రాసుకుంది. నా వంతు వచ్చింది. నేనేం చేయలేదన్నాను. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు, నేనసలు కంప్యూటరు దగ్గరికే వెళ్ళలేదని అడగకుండానే మరోసారి చెప్పాను. వదిన నావైపు ఒక క్షణం చూసి పుస్తకం మూసింది.

మర్నాడు పొద్దున ఆమె వంటింట్లో బియ్యం కడుగుతుంటే వెళ్ళి చెప్పేశాను. ఆమె చేతులు నీళ్ళలోనే ఉన్నాయి. మూడు ప్రశ్నలు అడిగింది. ఏ రోజు. ఏ సైటు. ఏదైనా ఆపమందా. యాంటీవైరస్ ఆపానని చెప్పినప్పుడు కళ్ళు మూసుకుంది. నేను తిట్లకు సిద్ధంగా ఉన్నాను. నిజానికి తిడితే బాగుండుననుకుంటున్నాను.

"ఆ రోజే చెప్పుంటే ఈ మెయిల్ వెళ్ళేది కాదు," అంది. చేతులు తుడుచుకుంది. "సరే, ఇప్పటికైనా చెప్పావు కదా. ఇక పని చూద్దాం."

ఆ మొదటి మాట మళ్ళీ జన్మలో ఆమె నోట నేను వినలేదు.

అసలు చిక్కు అప్పుడు మొదలైంది. నేను దించుకున్నది కంప్యూటరులో దాచి ఉన్న పాస్‌వర్డులు ఎత్తుకుపోయే రకమని వదిన చదివి తెలుసుకుంది. ఫైళ్ళు కూడా పోయి ఉండవచ్చు, పోకపోయి ఉండవచ్చు. డాక్టరు సరే అన్న రిపోర్టును వెంటనే చెరిపేయడం వదిన అలవాటు. అందువల్ల పన్నెండేళ్ళ రోగుల్లో ఆ రోజుకు కంప్యూటరులో ఉన్నవాళ్ళు పదకొండు మందే. ఎముకల డాక్టరువాళ్ళు ఏడుగురు, చర్మం డాక్టరువాళ్ళు నలుగురు. వదిన ఆ పదకొండు పేర్లూ ఒక కాగితం మీద రాసింది. ప్రతి పేరు ఎదురుగా ఆ రిపోర్టులో ఏమేం ఉందో గుర్తు తెచ్చుకుని రాసింది.

అన్నయ్యకు ఇది నచ్చలేదు. ఎముకల డాక్టరుకు మెయిల్ వెళ్ళింది కాబట్టి ఆయనకు చెప్పక తప్పదు. చర్మం డాక్టరమ్మకు ఏమీ తెలియదు, అడగలేదు. మనంతట మనం వెళ్ళి చెప్పి చేతులు కాల్చుకోవడం ఎందుకని అతని వాదన. కంప్యూటరు శుభ్రం చేయించుకుని, ఇకనుంచి జాగ్రత్తగా ఉంటే పోతుందన్నాడు. అతను చెడ్డవాడు కాదు; వదిన పని పోతుందని భయపడ్డాడు. అమ్మ కూడా మొదటిసారిగా, నోరు మూసుకోవడమే మంచిదంది.

"ఆ నలుగురిలో ఒకమ్మాయి తన జబ్బు ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పుకోలేదు. రేపు ఎవడైనా ఫోను చేసి బెదిరిస్తే, ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియక ఆ పిల్ల ఏమైపోవాలి?" అంది వదిన.

పన్నెండేళ్ళలో ఒక రోగి గురించి ఆమె మా ముందు అన్న మాట అదొక్కటే. పేరు చెప్పలేదు.

వదిన ముందు చర్మం డాక్టరమ్మకే ఫోను చేసింది. ఆవిడ అంతా విని, పేర్లు రాసుకుని, ఇకమీదట పని పంపనని చెప్పి ఫోను పెట్టేసింది. ఆ తర్వాత వదిన ఎముకల డాక్టరుకు చేసింది. ఆయన ఆ రోజు ఏమీ నమలడం లేదని తర్వాత చెప్పింది. ఎవరు చేశారని ఆయన అడిగితే, మా ఇంట్లో జరిగింది, అందరికీ ఒకే తాళం ఇచ్చింది నేనే అంది. ఆయన ఆ ఏడుగురికీ ఒక ఉత్తరం రాయమన్నాడు. వదిన రాసింది. ఏం జరిగిందో, ఏ కాగితం పోయి ఉండవచ్చో, ఎవరైనా ఆ వివరాలతో ఫోను చేస్తే ఏం చేయాలో, అన్నీ చిన్న చిన్న వాక్యాల్లో. కింద తన పేరు, ఫోను నంబరు. డాక్టరు దాని కింద తన సంతకం కూడా పెట్టి పంపాడు.

వారానికల్లా ఒకాయన ఇంటికే వచ్చాడు. డ్రైవింగ్ నేర్పే మాస్టారు. మెట్లమీదే గొంతు వినిపించింది. వెన్నుపూసకు ఆపరేషన్ అయిన సంగతి ఆయన తన స్కూలువాళ్ళ దగ్గర దాచాడు. తెలిస్తే కారులో కూర్చోనివ్వరని భయం. ఎవరో తన కాగితం అమ్ముకున్నారనే అనుకుంటున్నాడు. వదిన ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఆ రిపోర్టులో ఏముందో ఒక్కొక్క వాక్యం చెప్పింది. అది బయటికి వెళ్ళిందా లేదా అని ఆయన నిలదీశాడు.

"నాకు తెలియదండి," అంది వదిన. "వెళ్ళలేదని చెబితే మీకు హాయిగా ఉంటుంది. కానీ అది నాకు తెలియని మాట."

ఆయనకు ఆ జవాబుతో కోపం ఇంకా పెరిగింది. అసలు ఆ దిక్కుమాలినదాన్ని నొక్కిందెవరో చెప్పమన్నాడు. మా ఇంట్లోవాళ్ళేనండి, పేరుతో మీకు పనేముంది, ఏం అనాలన్నా నన్నే అనండి అంటోంది వదిన. నేను తలుపు పక్కన ఉన్నాను. ఆ మాట విన్నాక ఇక నిలబడలేకపోయాను.

"నేనండి," అన్నాను.

ఆయన నన్ను కిందినుంచి పైకి చూశాడు. ఏం కావాల్సి వచ్చిందని అడిగాడు. కళ్ళజోళ్ళ దుకాణానికి ధరల పట్టిక అని చెప్పాను. ఆయన గ్లాసు అందుకున్నాడు. నీళ్ళు తాగాడు. "ధరల పట్టికా," అన్నాడు చివరికి, "నేనింకా ఎవరో పెద్ద ముఠా అనుకున్నాను." నవ్వలేదుగానీ గొంతు తగ్గింది. వెళ్ళేముందు, తమ ఇంట్లో కంప్యూటరుకు కూడా ఇంటిల్లిపాదికీ ఒకటే పాస్‌వర్డని, దాన్ని ఎలా మార్చాలని వదిననే అడిగాడు.

అప్పటికి ఆమె కూడా ఇంకా నేర్చుకుంటూనే ఉంది. కంప్యూటరు దుకాణంవాడు తన దగ్గర వదిలేసి వెళ్ళమన్నాడు, రెండు గంటల్లో చేసి ఇస్తానన్నాడు. వదిన వాడి పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, మొత్తం చెరిపి మళ్ళీ మొదటినుంచీ పెట్టడం ఎలాగో కళ్ళతో చూసి రాసుకుంది. ఇంటికి తెచ్చాక, తనకు వచ్చిందో లేదో చూసుకోవడానికి రెండోసారి తనే చేసింది. ఎవరి పాస్‌వర్డు వాళ్ళదిగా మా నలుగురికీ నాలుగు వేరువేరు తలుపులు పెట్టింది. మాకిచ్చిన తలుపుల్లోంచి చూడవచ్చు, రాసుకోవచ్చు; కొత్తది ఏదీ ఎక్కించలేం. ఎక్కించాలంటే ఆమె వచ్చి తన పాస్‌వర్డు కొట్టాలి. అది ఒక చిన్న పుస్తకంలో రాసి బీరువాలో పెట్టింది. కాగితం మీద రాస్తావా అని అన్నయ్య ఎగతాళి చేస్తే, బీరువా దాకా వచ్చే దొంగ మన మెయిల్ కోసం రాడంది. వైఫై డబ్బాకు కొన్నప్పటినుంచీ దాని అడుగున అచ్చువేసి ఉన్న పాస్‌వర్డే ఉండేది, అదీ మారింది. అప్‌డేట్ చేయమని కంప్యూటరు అడిగితే రేపు రేపు అని తోసేయడం మా ఇంటి ఆనవాయితీ. ఇప్పుడు అది అడిగిందంటే సరే అని నొక్కి, అది అయ్యేదాకా టీ పెట్టుకోవడమే. ముఖ్యమైనవన్నీ ఆదివారం ఒక డిస్కులోకి ఎక్కించి, తీగ పీకి, చీరల కింద పెడుతుంది. తగిలించే ఉంచితే దొంగ దాన్ని కూడా పట్టుకుపోతాడట.

అమ్మకు పాస్‌వర్డు పెట్టించడమే పెద్ద యజ్ఞమైంది. పొడుగ్గా ఉండాలి, ఎవరికీ తోచనిదై ఉండాలి, అమ్మకు గుర్తుండాలి. ఒక వాక్యమే పెట్టుకోమంది వదిన. అమ్మ మమ్మల్నందర్నీ హాల్లోంచి వెళ్ళగొట్టి పెట్టుకుంది. అదేమిటో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. కొట్టేటప్పుడు మాత్రం చిన్నగా నవ్వుకుంటుంది. పోయిన నాన్నను ఏదో తిట్టుంటుందని మా అనుమానం. విచిత్రమేమిటంటే, తన నోరు దాటకుండా కాపాడుకున్న మొదటి రహస్యం దొరికాక అమ్మ మారింది. మేడమీది కబుర్లు కిందకి మోయడం తగ్గింది. పూర్తిగా పోయిందని అనను.

ఆ తర్వాత మూడు నాలుగు నెలలు వదినకు సగం పనే ఉంది. ఆమె మధ్యాహ్నాలు ఖాళీగా కూర్చోవడం చూస్తే నాకు అన్నం సహించేది కాదు. ఒకరోజు ఉండబట్టలేక, ఎందుకు నన్ను ఒక్క మాట కూడా అనలేదని అడిగాను. టైపు నేర్చుకునే రోజుల్లో ఆమె ఒక ఆఫీసులో చేరిందట. అక్కడి పెద్దాయన ఒక్క అక్షరం తప్పు పడితే అందరిముందూ నిలబెట్టి అరిచేవాడు. దాంతో అందరూ తప్పులు చేయడం మానలేదు, చూపించడం మానేశారు. ఒక పెద్ద కాగితంలో తప్పు అంకె పడింది, ముగ్గురికి తెలుసు, ముగ్గురూ చెప్పలేదు. ఆ ముగ్గురిలో తనూ ఉంది. అది ఎవరి ఉద్యోగం పోవడానికి దారితీసిందో చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఎముకల డాక్టరు కొన్నాళ్ళకు ఆమెను తన ఆసుపత్రికి పిలిచి, అక్కడి కంప్యూటర్లు చూడమన్నాడు. ఆమె వెళ్ళి చూసి, ఇది తనవల్ల కాదని, తెలిసినవాళ్ళను పెట్టుకోమని చెప్పి వచ్చింది. రిసెప్షన్ అమ్మాయి మెయిల్ తెరవకుండా ఫోను చేసిన సంగతి గుర్తుచేసి, ముందు ఆ అమ్మాయిని మెచ్చుకోమంది. ఆయన తన స్నేహితుల్లో ఇద్దరు డాక్టర్ల పని ఇప్పించాడు. చర్మం డాక్టరమ్మ మళ్ళీ పిలవలేదు. ఆవిడ స్థానంలో ఉంటే తనూ అంతే చేసేదాన్నని వదిన అంటుంది.

డ్రైవింగ్ మాస్టారు ఊరుకోలేదు. తన దగ్గర బండి నేర్చుకునేవాళ్ళకల్లా మా వదిన సంగతి చెప్పాడు. ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. ముందు ఎవరూ అసలు విషయం చెప్పరు. మా చుట్టం ఒకాయన ఇలా చేశాడండి అంటారు. వదిన ఆ చుట్టం గురించే అన్నీ అడిగి, ఆ చుట్టం ఏం చేయాలో చెబుతుంది. లేచి వెళ్ళేలోపు ఆ చుట్టం ఎవరో వాళ్ళే చెప్పేస్తారు. ఆమె పెద్ద నిపుణురాలేం కాదు. నాకు తెలియదు అనే మాట ఆమె నోట గంటకు నాలుగుసార్లు వస్తుంది. తెలియనిది చదివి మర్నాడు చెబుతుంది.

మొన్నీమధ్య ఒక మధ్యాహ్నం నేను ఇంట్లోనే ఉన్నాను. ఎదురింట్లో ఉండే డ్రాయింగు టీచరు తలుపు తట్టింది. రిటైరై ఒంటరిగా ఉంటుంది, ఎవరింటికీ పెద్దగా రాదు. చేతిలో ఫోను, కాల్ ఇంకా నడుస్తూనే ఉంది. అవతల ఒక మగగొంతు, లైను కట్ చేయొద్దు మేడమ్, స్క్రీన్ మీద వచ్చింది ఒప్పుకోండి అంటోంది. ఆవిడ కంప్యూటరులో వైరసుందని, తను దూరంనుంచే బాగుచేస్తానని, అందుకు ఒక యాప్ పెట్టమని గంటనుంచీ కూర్చోబెట్టాడట. ఆవిడ సగం పెట్టేసింది కూడా. వదిన ఫోను అందుకుని కట్ చేసింది. నన్నూ తోడు తీసుకుని ఎదురింటికి వెళ్ళి తీగ పీకి, అది ఇంకా పూర్తిగా ఎక్కలేదని చూసి తీసేసింది. బ్యాంకుకు టీచరు చేతనే ఫోను చేయించింది, అదీ పాస్‌బుక్కు మీద ఉన్న నంబరుకు. పాస్‌వర్డులన్నీ మార్పించేదాకా పక్కనే కూర్చుంది. కంగారులో ఆవిడకు అక్షరాలు తప్పు పడుతున్నాయి. మళ్ళీ కొట్టండి, తొందరేం లేదు అంటోంది వదిన.

అంతా అయ్యాక టీచరు కళ్ళు తుడుచుకుని, ఎవరికీ చెప్పొద్దని వాడు మరీ మరీ అన్నాడని చెప్పింది.

"చెబితే నవ్వుతారని నాకూ అనిపించిందమ్మా. ఆ డ్రైవింగ్ మాస్టారు మెట్లమీద ఎవరితోనో నీ గురించి చెప్పిన మాట గుర్తొచ్చి నీ దగ్గరికొచ్చాను. నువ్వు తిట్టవటగా."

వదిన, ఆవిడ గోడమీద వేసిన బొమ్మలు చూస్తూ, ఈ పిట్ట రెక్కకు ఆ నీలం రంగు ఎలా తెచ్చారని అడిగింది. టీచరు ముక్కు చీదుకుని చెప్పడం మొదలుపెట్టింది. నేను టీ పెట్టడానికి మా వంటింట్లోకి వెళ్ళాను.